నూరుగారి వరస

సోమవారం మధ్యాహ్నం ఆర్నూరక్క గొడుగు దులుపుకుంటూ లైబ్రరీలోకి వచ్చేసరికి సిబ్బంది వార్తల బోర్డు ముందు నలుగురూ చేరి నవ్వుకుంటున్నారు. ఆ బోర్డు రాసేది ఆఫీసులో టైపిస్టు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి, వార్తలు మాత్రం ఆవిడ నోటిలాగే ఉంటాయి, ఒక పట్టాన ఆగవు. లిఫ్టు బాగైంది. బైండరుకి మనవరాలు పుట్టింది, తల్లీపిల్లా క్షేమం. ఎవరిదో కళ్ళజోడు ఫ్రిజ్‌లో దొరికింది, పరధ్యానం గలవారు వచ్చి తీసుకోగలరు. అన్నిటికన్నా కింద, ఎర్ర సుద్దతో గీత గీసి మరీ రాసింది: "శుక్రవారం వరసల తనిఖీ. ఆరు నూరైనా నూరు ఆరైనా ఆగదని చీఫ్‌గారు చెప్పమన్నారు."

"నన్ను ఏడిపించడానికే కదూ ఆ సామెత?" అంది ఆర్నూరక్క.

"ఛఛ, నీ మీద ఒట్టు అక్కా! అయినా నువ్వు నూరువి ఎప్పటికవుతావులే" అంది టైపిస్టు. ఆగిన నవ్వు మళ్ళీ మొదలైంది.

ఈ లైబ్రరీలో మనుషుల్ని పేరు పెట్టి పిలిచే అలవాటు ఏనాడో పోయింది. పుస్తకం వీపు మీద అంకె ఉన్నట్టే మనిషికీ ఒక అంకె. నూటితో మొదలయ్యేవి తత్వశాస్త్రం పుస్తకాలు, వాటిని చూసుకునే ఆయన నూరుగారు. ఎనిమిదొందలు కథలూ కవిత్వమూ. వాటిని చూసుకోవలసిన ఆయన ఎనిమిదొందలాయన. చూసుకోడు, చదువుకుంటాడు. ఆరొందలంటే వైద్యం, నర్సింగు, యంత్రాలు, వంటలు, మనిషి చేతులతో చేసే పనులన్నీ. అవి ఆర్నూరక్కవి. జీతాల కాగితం మీద ఆవిడకి ఇంకో పేరుందన్న సంగతి టైపిస్టుకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

తనిఖీ అంటే చీఫ్‌గారు తెల్ల చేతిరుమాలు, స్కేలుబద్ద పట్టుకుని ఒక్కో వరస వెంట నడవడం. రుమాలుకి దుమ్ము అంటకూడదు, అంకెలు తారుమారు కాకూడదు, పుస్తకాల వీపులు అర అంచుకి సరిగ్గా ఆనుకుని ఉండాలి. ఏ వరస అన్నిటికన్నా బాగుంటే ఆ వరస మనిషి పేరు వార్తల బోర్డు మీదకి ఎక్కుతుంది. పేరుదేముంది, సుద్దముక్కతో రాసింది తడిగుడ్డతో పోతుంది. కానీ ఈసారి తనిఖీ మామూలుది కాదు. వచ్చే ఆరునెలలకీ డ్యూటీలు వేసే ముందు జరిగే తనిఖీ. బోర్డెక్కిన వాళ్ళు ఏ పూట డ్యూటీ కావాలో కోరుకోవచ్చు.

మూడో అంతస్తులో ఉండేవి రెండే వరసలు, నూరూ ఆరొందలూ. వాటికి ఉండేది ఇద్దరే మనుషులు. పొద్దుటి డ్యూటీ తలుపులు తీయడంతో మొదలై మూడింటికి అయిపోతుంది. సాయంత్రం డ్యూటీ మధ్యాహ్నం మొదలై దీపాలు ఆర్పడంతో ముగుస్తుంది. ప్రతిసారీ బోర్డెక్కేది నూరుగారే, ప్రతిసారీ పొద్దుటి డ్యూటీ ఆయనదే. ఎందుకెక్కడు? ఆయన పుస్తకాల మీద చెయ్యి వేసేవాడేడీ! పొద్దున సర్దిన పుస్తకం సాయంత్రానికి అలాగే ఉంటుంది, మర్నాటికీ అలాగే ఉంటుంది. ఆర్నూరక్క వరసలోనేమో సర్దిన పుస్తకం ఆవిడ వెనక్కి తిరిగేలోపు మాయం. వాడే వస్తువు నలుగుతుంది, వాడని వస్తువు మెరుస్తుంది, మెరిసినదానికి బహుమానం. ఇదెక్కడి న్యాయమని ఆవిడ చీఫ్‌గారిని ఒకసారి అడిగింది కూడా. ఆయన రుమాలు మడుచుకుంటూ, "రూలు అందరికీ ఒకటే కదమ్మా" అన్నారు. ఒకటే, కాదన్నదెవరు!

ఆవిడకి పొద్దుటి డ్యూటీ ఎందుకంటే, మొగుడి మొహం చూడటానికి. అచ్చంగా అంతే. ఆయన ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ నర్సు. పొద్దున వచ్చి పడుకుంటే, ఆవిడ డ్యూటీకి బయల్దేరేదాకా లేవడు. సాయంత్రం ఆవిడ దిగే బస్సే ఆయన ఎక్కే బస్సు. బస్సు తిరగడానికి పట్టేంతసేపు, ఆ స్టాపులో, ఇద్దరికీ కాపురం.

ఆ సోమవారం కూడా అంతే. ఆవిడ దిగింది, ఆయన తాళంచెవి ఆవిడ చేతిలో పెట్టాడు, ఆవిడ గొడుగు ఆయన చేతిలో పెట్టింది.

"అన్నం తిన్నారా?"

"తిన్నా. గ్యాసు అయిపోవచ్చింది. అమ్మకి మాత్రలు వేశా. నువ్వేంటి, మొహం అలా ఉంది?"

"శుక్రవారం తనిఖీ."

"ఈసారి కొడతావులే."

"కొడతాను, కొడతాను. నా వరస మీద పడే నర్సింగు పిల్లల్ని మీ వార్డుకి పంపి తలుపు గడియ పెడితే తప్పకుండా కొడతాను."

డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన ఫుట్‌బోర్డు మీంచే వెనక్కి వంగి, "మిగిలింది అమ్మనడుగు, అన్నీ చెప్పాను!" అని అరిచాడు.

ఇంటికి వెళ్తే అత్తగారు మంచం మీద కూర్చుని బట్టలు మడతపెడుతోంది. "రా తల్లీ, పోస్టాఫీసు తెరిచే ఉంది" అంది. "వాడు చెప్పమన్నవి మూడున్నాయి. ఒకటి మర్చిపోయాను, ఒకటి నీకు చెప్పేది కాదు, సిగ్గు. మూడోది గ్యాసు." అని తనే పకపకా నవ్వింది. కోడలూ నవ్వింది గానీ, రాత్రి పళ్ళెం ముందు ఒక్కతీ కూర్చున్నప్పుడు, ఎదురుగా ఉన్న ఖాళీ కుర్చీ వైపే చూస్తూ తింది. ఆ కుర్చీలో మనిషి కూర్చుని, ఉప్పు తక్కువైందని విసుక్కుంటే చాలు. ఆవిడ దేవుడిని అడిగేది అదే.

మంగళవారం, బుధవారం ఆవిడ నడుం వంచి పని చేసింది. ఆరొందల వరసలో సర్దడమంటే ముందు వెతకడం. పరీక్షలు దగ్గరికొస్తే నర్సింగు పిల్లలు పుస్తకాలు దాచేస్తారు. తమకి కావలసిన పుస్తకం ఇంకొకరికి దొరక్కూడదని ఇంకో అరలో, పుస్తకాల వెనకాల, గోడకి ఆనించి పెట్టేసి పోతారు. ఎముకల పుస్తకం కేకుల పుస్తకాల వెనక దొరికింది. ప్రసవాల పుస్తకం ట్రాక్టర్ల మధ్య దొరికింది. ఆవిడ నేల మీద బాసింపట్టు వేసుకుని కింది అరలో చెయ్యి మోచేతి దాకా దూర్చి తడుముతూ, దొరికినదాన్నల్లా ట్రాలీ మీదకి విసురుతూ, పిల్లల్ని నోటికొచ్చినట్టు తిడుతోంది.

"ఏం దొరికిందమ్మా?" అన్నారు నూరుగారు. చేతిలో ఎప్పుడూ ఉండే పెయింటు బ్రష్షు ఉంది. పుస్తకాల తలల మీద దుమ్ము తుడవడానికి దాన్నే వాడతారు. మధ్యాహ్నం పూట, డ్యూటీ దిగే ముందు, ఇలా వచ్చి ఆవిడ వరస చివర నిలబడటం ఆయనకి అలవాటు. తన తప్పులు లెక్కపెట్టడానికే వస్తాడని ఆర్నూరక్క గట్టి నమ్మకం.

"గుండె జబ్బులు. కుట్టుమిషన్ల వెనకాల దాచారు, వెధవలు."

"ఎందుకు దాస్తారంటావ్?"

ఆవిడ తలెత్తి చూసింది. ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకుని అడిగే ప్రశ్నేనా! "రేపొచ్చేసరికి వాళ్ళకే దొరకాలని. ఇంకెవరైనా ఎత్తుకుపోతారేమోనని భయం."

"భయమా!" అన్నారు నూరుగారు. కిందికి వంగి ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకున్నారు. అట్ట చిరిగింది, మూలలు కుక్క నమిలినట్టున్నాయి, లోపల హెయిర్‌పిన్ను ఒకటి గుర్తుగా పెట్టి ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, జాగ్రత్తగా ట్రాలీ మీద పెట్టి, "అదృష్టవంతురాలివమ్మా" అని వెళ్ళిపోయారు.

వెటకారం! ఆర్నూరక్కకి ఒళ్ళు మండిపోయింది. చేసేదంతా గాడిద చాకిరీ, పైన ఈ ముసలాయన ఎకసెక్కం. ఆయన వరస వైపు చూసింది. పుస్తకాలన్నీ స్కేలుతో గీసినట్టు నిలబడి ఉన్నాయి, ముందున్న బల్ల ఖాళీగా, తుడిచి తుడిచి అద్దంలా ఉంది. అక్కడ ఎవరైనా కూర్చోగా ఆవిడ ఏనాడూ చూడలేదు.

గురువారం నర్సింగు పిల్లలకి ప్రాక్టికల్సు మొదలయ్యాయి. అందరూ ఆసుపత్రి వార్డుల్లో ఉన్నారు. అంతస్తంతా బోసిపోయింది. ఆవిడ చరిత్రలో ఇలాంటి అవకాశం రాలేదు. అంకెలన్నీ వేలితో ఒక్కొక్కటీ తడుముతూ సరిచూసింది. ఒరిగిపోతున్న పుస్తకాలకి ఇనప రేకులు ఆనించింది. చిరిగిన అట్టలకి జిగురు రాసి బరువు పెట్టింది. పొద్దు వాలేసరికి నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుంటే, అబ్బ, తన వరసేనా ఇది! పెళ్ళికూతురిని చేసినట్టుంది. ఎనిమిదొందలాయన ఏదో పని మీద పైకి వచ్చి, ముక్కు మీద వేలేసుకుని, "అక్కా, ఈసారి రెండో స్థానం నీదే" అన్నాడు.

రెండో స్థానం. రెండో స్థానానికి డ్యూటీ కోరుకునే హక్కు లేదు.

ఆయన వెళ్ళాక ఆవిడ అలా నడుచుకుంటూ నూరుగారి వరసలోకి వెళ్ళింది. ఏదైనా ఒక్క తప్పు కనబడకపోతుందా అని వెతికింది. ఒక్క అంకె తారుమారు, ఒక్క మూల దుమ్ము. లేదు. మనసులో ఏదో దయ్యం దూరిందనే చెప్పాలి, లేకపోతే అత్తగారి మందుల చీటీ కూడా రెండుసార్లు సరిచూసుకునే మనిషి అలాంటి పని చేస్తుందా! చెయ్యి చాపింది. అందిన పుస్తకం ఒకటి లాగింది, ఏ పుస్తకమో కూడా చూడలేదు. పర్సులోంచి బస్సు టికెట్టు తీసి మొదటి పేజీల్లో గుర్తు పెట్టినట్టు పెట్టింది. పుస్తకాన్ని ఆ అద్దంలాంటి బల్ల మీద అడ్డంగా పడేసింది. అరలో ఖాళీ అయిన చోట పక్క పుస్తకం ఒకటి ఒరిగిపోయింది. చాలు. ఎవరో చదివి వదిలేసి పోయినట్టుంది.

ఆ సాయంత్రం స్టాపులో మొగుడు ఏదో చెబుతుంటే ఆవిడకి వినబడలేదు. తాళంచెవి తీసుకోవడం కూడా మర్చిపోతే ఆయనే బస్సులోంచి విసిరాడు.

రాత్రంతా ఒకటే ఆలోచన. పొద్దున ఆయన ముందొస్తాడు, చూస్తాడు, తీసి అరలో పెట్టేస్తాడు. ఆయన కంటబడకుండా దుమ్ము రేణువే బతకదు, పుస్తకం బతుకుతుందా! ఆ ఆలోచన రాగానే ఆవిడ ప్రాణం తేలికపడింది. పోనీలే, చేసిన పాపం చేసినట్టే చెరిగిపోతుంది. కాసేపటికి మళ్ళీ దిగులేసింది, డ్యూటీ కూడా పోతుంది కదా అని.

శుక్రవారం మధ్యాహ్నం ఆవిడ మూడో అంతస్తు ఎక్కేసరికి చీఫ్‌గారు అప్పటికే నూరుగారి బల్ల దగ్గర నిలబడి ఉన్నారు. పుస్తకం బల్ల మీద అడ్డంగా అలాగే ఉంది. టికెట్టు కొస బయటికి కనబడుతోంది. అరలో పక్క పుస్తకం ఒరిగే ఉంది.

"ఏంటి నూరుగారూ ఇది? మీ వరసలోనా!" అన్నారు చీఫ్‌గారు.

"అవునండీ. నా వరసలోనే" అన్నారు నూరుగారు. ఆయన మొహం చూసి ఆర్నూరక్క మెట్ల దగ్గరే ఆగిపోయింది. బైండరు మనవరాలు పుట్టిందని చెప్పినప్పుడు అతని మొహం ఇలాగే ఉంది.

"తీసి పెట్టేయండి మరి. నేను చూడలేదనుకుంటాను, అటు తిరిగి వస్తాను."

"వద్దు సార్. ఉండనివ్వండి. ఎవరో చదువుకుంటున్నారు, గుర్తు కూడా పెట్టుకున్నారు చూడండి. మళ్ళీ వస్తారు. వచ్చేసరికి ఇక్కడే కనబడాలి కదండీ?"

"అది సరేగానీ, రూలు ప్రకారం నేను మీ పేరు రాయలేను."

"రాయకండి సార్, అసలు రాయకండి!" అన్నారు నూరుగారు. అంత గట్టిగా ఆయన మాట్లాడటం ఆ అంతస్తు ఎప్పుడూ వినలేదు.

చీఫ్‌గారు తల పంకించి ఆరొందలకి నడిచారు. రుమాలు తెల్లగానే వచ్చింది. స్కేలుబద్ద పుస్తకాల వీపుల వెంట ఎక్కడా తట్టుకోకుండా సాగింది. ఆయన రెండుసార్లు వెనక్కి వెళ్ళి మళ్ళీ చూశారు. "భేష్, ఆర్నూరమ్మా!" అన్నారు. అది వినాలని ఆవిడ ఎన్నాళ్ళ నుంచో కాచుకుని ఉంది. ఇప్పుడు వింటే చెంప మీద కొట్టినట్టుంది. తేలుకుట్టిన దొంగలా నిలబడింది.

గంటలో బోర్డు మీద ఆవిడ పేరెక్కింది. టైపిస్టు చుట్టూ పూలు కూడా గీసింది. "ఇంక మీ ఆయనకి రోజూ నీ వంటే! పాపం, ఆయనకి ముందే చెప్పావా?" అంటూ అందరూ ఆట పట్టించారు. అంతకన్నా కష్టమైంది ఆ తర్వాత వచ్చింది. నూరుగారే వచ్చి ఆవిడ ముందు నిలబడ్డారు.

"అమ్మా, మంచిదైంది. నీకు పొద్దుటి డ్యూటీ అంటే ఇష్టమని నాకు తెలుసు. నాకూ ఇప్పుడు సాయంత్రమే కావాలి" అన్నారు. "నిన్న నేను వెళ్ళేటప్పటికి బల్ల ఖాళీ. పొద్దున వచ్చేసరికి పుస్తకం ఉంది. అంటే సాయంత్రం వచ్చారన్నమాట! ఇన్నాళ్ళూ సాయంత్రాలు నేను లేకపోబట్టి తెలియలేదు గానీ, ఎందరొచ్చి వెళ్ళారో! నువ్వు చూశావా, ఎవరొచ్చారో?"

"చూడలేదండీ" అంది ఆవిడ.

"పోనీలే. నేనుంటాగా, చూస్తాను" అని ఆయన చేతులు రుద్దుకుంటూ వెళ్ళారు.

శనివారం ఆవిడకి సెలవు. ఆదివారం లైబ్రరీయే మూత. రెండు రోజులూ ఇంట్లో పండగలా ఉంది. సోమవారం నుంచి మొగుడూ పెళ్ళాం ఒక కంచం దగ్గర కూర్చుంటారని అత్తగారు తెగ మురిసిపోయింది. "ఇంక నా పోస్టాఫీసు మూసేస్తాను. ముసలిదానికి పెన్షన్ ఇవ్వండి" అంది. మొగుడు మాత్రం ఆదివారం మధ్యాహ్నం పెళ్ళాం మొహంలోకి చూసి, "గెలిచిన మొహంలా లేదే ఇది" అన్నాడు. వార్డులో రోజూ మనుషుల మొహాలు చూసే మనిషి దగ్గర దాపరికం ఎన్నాళ్ళు? చెప్పేసింది. బల్లా, పుస్తకమూ, టికెట్టూ, అన్నీ. ఆయన తిట్టలేదు. "ఆ పెద్దాయన ఎన్నాళ్ళు ఎదురు చూస్తాడంటావ్, లేని మనిషి కోసం?" అన్నాడు. తిట్టినా బాగుండేదని ఆవిడకి అనిపించింది.

సోమవారం ఆవిడే తలుపులు తీసింది. పుస్తకం వైపు వెళ్ళలేదు, అటు చూడలేదు కూడా. మధ్యాహ్నం నూరుగారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తల నున్నగా దువ్వుకున్నారు. బ్రష్షు కొత్తది.

"నూరుగారూ, ఒక మాట" అంది ఆవిడ.

"చెప్పమ్మా."

"ఆ పుస్తకం బల్ల మీద పెట్టింది నేనే."

ఆయనకి అర్థం కాలేదు. "చదివావా? నువ్వా!" అని నవ్వారు.

"చదవలేదండీ. ఎవరూ చదవలేదు. మీ వరస చెడగొట్టాలని తీసి పడేశాను. నాకు పొద్దుటి డ్యూటీ కావాలని. ఆ టికెట్టు నాది. ఏ పుస్తకమో కూడా చూడలేదు. బుద్ధి గడ్డి తిని చేశాను. ఇప్పుడే చీఫ్‌గారి దగ్గరికి వెళ్ళి చెప్పేస్తాను, బోర్డు మీద పేరు చెరిపేయిస్తాను. మీ డ్యూటీ మీరే తీసుకోండి."

నూరుగారు పక్కనున్న అరలో, దుమ్మే లేని పుస్తకాల మీద బ్రష్షుతో ఒకసారి అటూ ఒకసారి ఇటూ తుడిచారు. చెవులు ఎర్రబడ్డాయి.

"శుక్రవారం ఇంటికెళ్ళి మా చెల్లెలితో చెప్పానమ్మా" అన్నారు చివరికి. "నా వరసలో పుస్తకం ఎవరో చదువుతున్నారే అని. అది కాఫీ పెట్టి ఇచ్చి, మొత్తం చెప్పమంది. ఏ పుస్తకం, ఎన్నో పేజీ, అన్నీ."

ఆర్నూరక్క కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "తిట్టండి" అంది.

"తిట్టడానికి నాకు చేతకాదు. ఇన్నేళ్ళ నుంచీ నీ వరస చివర నిలబడి నేను కుళ్ళుకోలేదూ? ఆ చిరిగిన అట్టలూ, ఆ హెయిర్‌పిన్నులూ చూసి! నువ్వు ఒక్కరోజు కుళ్ళుకున్నావు. చెల్లుకి చెల్లు." కండువాతో మొహం తుడుచుకున్నారు. "పద. పుస్తకం తీసి అరలో పెట్టేద్దాం. నువ్వు తీశావు కాబట్టి నువ్వే పెట్టు."

ఇద్దరూ బల్ల దగ్గరికి వెళ్ళారు. అది బాధ గురించిన పుస్తకం. మనిషికి నొప్పి కలగడమంటే ఏమిటి, ఒకరి నొప్పి ఇంకొకరికి తెలుస్తుందా అని ఎవరో మహానుభావుడు లావుగా రాసి పెట్టాడు. ఆర్నూరక్క తన టికెట్టు తీసుకుందామని పుస్తకం తెరవబోయి ఆగిపోయింది.

"నూరుగారూ, నేను మొదట్లో పెట్టానండీ. అట్ట తిప్పగానే, రెండో మూడో పేజీలో."

టికెట్టు ఇప్పుడు పుస్తకం నడుమకి వచ్చి ఉంది.

"నువ్వు సరిగ్గా చూసుకోలేదేమో" అన్నారు ఆయన.

"చూశానండీ. దొంగపని చేసేవాళ్ళకి అన్నీ గుర్తుంటాయి."

అప్పటికి మూడో అంతస్తు మళ్ళీ నిండుతోంది. ప్రాక్టికల్సు అయిపోయాయి, రాతపరీక్ష మిగిలింది. నర్సింగు పిల్లలు మెట్లెక్కి వస్తూనే ఆరొందల మీద పడ్డారు. శుక్రవారం పెళ్ళికూతురిలా ఉన్న వరస చూస్తుండగానే పెళ్ళయిపోయిన పందిరిలా తయారైంది. కుర్చీలన్నీ నిండాయి. చోటు దొరకని ఒక పొట్టి పిల్ల, తెల్ల కోటు మడిచి చేతి మీద వేసుకుని, అటూ ఇటూ చూసి, అలవాటైన దారిలా తిన్నగా నూరుగారి బల్ల వైపు నడిచింది.

"దాక్కోండి!" అంది ఆర్నూరక్క. ఎందుకు దాక్కోవాలో ఆవిడకే తెలియదు. ఇద్దరూ అరల వెనకకి తప్పుకుని, పుస్తకాల సందులోంచి చూశారు. ఉద్యోగస్తులు చూడవలసిన తీరు కాదది, ఇరుగింటి గోడ మీంచి పిల్లలు చూసే తీరు.

పిల్ల కూర్చుంది. ముందు తన నర్సింగు పుస్తకం తెరిచింది. కాసేపు చదివింది. ఆవులించింది. తర్వాత చెయ్యి చాపి ఆ లావు పుస్తకం దగ్గరికి లాక్కుని, టికెట్టు తీసి పళ్ళ మధ్య పెట్టుకుని, చదవడం మొదలుపెట్టింది. శనివారం నూరుగారు డ్యూటీ దిగాక, వార్డు నుంచి తిన్నగా వచ్చి ఈ ఖాళీ బల్ల దగ్గరే కూర్చుని ఉంటుంది. బల్ల మీద పుస్తకం లేకపోతే ఆ పిల్ల అరల వైపు తలెత్తి చూసేది కూడా కాదు.

మూడు గంటలైంది. ఆర్నూరక్క డ్యూటీ అయిపోయింది. "నువ్వు బయల్దేరమ్మా, మీ ఆయన లేచి ఉంటాడు" అని నూరుగారు గొణిగారు గానీ, ఆయన చెయ్యి మాత్రం ఆవిడ మోచేతిని పట్టుకునే ఉంది. ఆవిడ కదల్లేదు. ఆ పిల్ల ఒక చోట ఆగి, పేజీ మీద వేలు పెట్టి, కిటికీ వైపు చూస్తూ ఉండిపోయింది. వార్డులో చూసి వచ్చిన ఎవరో రోగి గుర్తొచ్చి ఉంటారు.

చివరికి పిల్ల లేచింది. టికెట్టు పేజీల్లో పెట్టి పుస్తకం మూసింది. దాన్ని బల్ల మీద పెట్టబోయి, ఏదో ఆలోచించి, ఆగింది. చుట్టూ చూసింది. ఎడమకి చూసింది, కుడికి చూసింది. గబుక్కున కిందికి వంగి, అట్టడుగు అరలో, నూరుగారు స్కేలుతో సర్దిన పుస్తకాల్ని రెండు చేతులా పక్కకి నెట్టి, ఆ పుస్తకాన్ని వాటి వెనక్కి, గోడ దాకా తోసి, ముందు పుస్తకాల్ని ఎలా పడితే అలా దగ్గరికి లాగింది. రెండు తలకిందులయ్యాయి. ఏమీ ఎరగనట్టు కోటు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

ఆర్నూరక్క నూరుగారి వైపు తిరిగింది. ఆయన కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"దాచుకుందమ్మా!" అన్నారు. "నా పుస్తకం దాచుకుంది!"

"చూశానండీ. రెండు తలకిందులుగా పెట్టింది. సర్దమంటారా?"

"ముట్టుకున్నావంటే ఊరుకోను" అన్నారు నూరుగారు. కొత్త బ్రష్షు జేబులో పెట్టుకున్నారు. "బోర్డు మీద నీ పేరు సంగతి నీ ఇష్టం. సాయంత్రం డ్యూటీ మాత్రం నాది. ఇంక చీఫ్‌గారు వచ్చి బతిమాలినా ఇవ్వను. ఇల్లు చేరమ్మా, వెళ్ళు."

ఆవిడ కిందికి వచ్చి, బోర్డు ముందు నిలబడి, తడిగుడ్డ తీసుకుని పూలతో సహా తన పేరు తుడిచేసింది. టైపిస్టు లోపలినుంచి లబోదిబోమంటూ వచ్చింది.

"అక్కా! అంత కష్టపడి గీశాను! ఏం వచ్చింది నీకు?"

"తర్వాత చెబుతాను, పెద్ద కథ. చీఫ్‌గారికీ రేపు పొద్దున నేనే చెబుతాను, ఆయన ఏం తిట్టినా పడతాను. ముందు వార్త రాయి. నూరుగారి వరస వార్త."

టైపిస్టు సుద్దముక్క అందుకుంది. ఆర్నూరక్క చెప్పింది, ఆవిడ రాసింది. అర్థం కాక రెండుసార్లు చదువుకుంది. అప్పటికే ఆర్నూరక్క గొడుగు చంకన పెట్టుకుని బస్సు కోసం పరుగెత్తుతోంది.

"మూడో అంతస్తు, నూరు వరసలో ఒక పుస్తకం కనబడటం లేదు. దయచేసి ఎవరూ వెతకవద్దు."